ఇంటిల్లిపాదికీ దక్కిన విరామమే విరామం

చేయవలసినవి చేసి, ఇవ్వవలసినవి ఇచ్చి, ఆపైన ఇంటి నీడన కూర్చున్న మనిషికి న్యాయంగా చెందేది విశ్రాంతి. ఇతరులకు చెందవలసినదాన్ని లాక్కుని తాను సుఖపడేవాడు విశ్రమిస్తున్నాడని అనలేం. చైత్రమాసంలో వచ్చే ఒక శనివారాన్నీ ఒక ఆదివారాన్నీ గృహస్థు ఎలా గడపాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. చిన్న విషయమని తోసివేయకండి. పెద్ద ధర్మాలు తప్పినవాణ్ణి లోకం నిలదీస్తుంది. గడప లోపల చిన్న ధర్మాలు తప్పినవాణ్ణి అడిగేవారుండరు. అడిగేవారు లేనిచోటనే మనిషి తనను తాను అడుగుకోవాలి.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ రోజులెలాంటివో ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. పత్తి తీతలు ముగిసి చేలల్లో ఎండుకట్టె నిలిచి ఉంటుంది. మిరప చివరి కోతల్లో పడుతుంది. సత్తెనపల్లి మొదలు వినుకొండ దాకా, చిలకలూరిపేట మొదలు అద్దంకి దాకా కల్లాలు ఎర్రగా పరచుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు రోజుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే కాలమిది. రైతు, హమాలీ, గుమస్తా, కమీషన్ వ్యాపారి, లారీ డ్రైవరు అందరూ వారంలో ఐదు రోజులు పరుగు మీద ఉంటారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. కాటాలు ఆగుతాయి, బేరాలు ఆగుతాయి.

ఆ రెండు రోజులూ మిరపకు ధర లేదు. ఉన్నదల్లా శుక్రవారం నాటి ధర, సోమవారం మీది ఆశ. అయినా మన చేతులు ఫోను వదలవు. తేజ రకం ఎంత పలికింది, తాలు కాయ ఎంతకు పోయింది, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు తీయాలా ఉంచాలా అని అన్నం ముందు కూర్చున్నా అదే మాట. ఈ ఆందోళన ఊరకే పుట్టింది కాదని నాకు తెలుసు. ముందటి ఏడు క్వింటా 20,000 రూపాయలు దాటిన మిర్చి తరువాతి ఏట కుప్పకూలితే, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ధర కట్టవలసి వచ్చింది. అంత దెబ్బ తిన్నవాడు ధర గురించి ఆలోచించకుండా ఎలా ఉంటాడు? ఆలోచించవద్దని నేననను. యార్డు తలుపులు మూసిన రోజున కూడా యార్డును ఇంటికి మోసుకురావద్దంటున్నాను. కల్లంలో మీరు చేసే పనే చూడండి. పచ్చి కాయను కుప్పపోస్తే లోపల ఉడికి బూజు పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, ఆ సరుకును పరదేశాలు తిప్పికొడతాయి. పలచగా పరచి, తిరగేసి, తేమ 10, 11 శాతానికి దిగేదాకా ఓపిక పట్టినవాడికే రంగు నిలుస్తుంది. ఐదు రోజుల ఆలోచనలను ఆరనివ్వకుండా సెలవు రోజు మీద కుప్పపోసుకునే మనసు గతీ ఆ పచ్చి కాయ గతే.

కాబట్టి ఈ రెండు రోజులకూ ఒక క్రమం ఉండాలి. ముందు బాకీలు, తరువాత ఇంటి పనులు, ఆ తరువాత విశ్రాంతి. ఈ వరుస తారుమారైతే మూడూ చెడతాయి.

మొదటి ధర్మం శనివారం తెల్లవారకముందే తీరాలి. అది కూలి లెక్క తేల్చడం. మీ మిరపను కోసినవారెవరో ఒకసారి తలచుకోండి. ఒక్కొక్క కాయా వేళ్ళతో తెంపవలసిందే. ఆ ఘాటుకు కళ్ళు మండుతాయి, గోళ్ళ సందులు మండుతాయి, ఆ చేత్తో బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఒళ్ళూ మండుతుంది. కోతల కాలం వచ్చిందంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి సంసారాలకు సంసారాలు తరలివచ్చి మన చేల పక్కన గుడారాలు వేసుకుంటాయి. వారి వెంట వచ్చిన పిల్లలకు ఆ నెలల్లో బడి తెగిపోతుంది. యార్డు చుట్టుపక్కల కాయల తొడిమలు తీస్తూ పొద్దంతా వంగి కూర్చునే ఆడవారున్నారు. వీరందరి చెమట మీద నిలిచిందే మీ ఇంటి వసారా. వారి కూలి మీ జేబులో ఉండగా మీరు వాలుకుర్చీలో వాలితే, ఆ కుర్చీ మీది కాదు.

ధర పడిపోయిందని కూలి ఆపకండి. యార్డులో మీకు జరిగిన అన్యాయాన్ని మీకంటే బలహీనుడి మీదకు దించడం న్యాయం కాదు. మీ సరుకు అమ్మిన డబ్బు ఆలస్యమైతే మీరెంత కుమిలిపోతారో, శుక్రవారం రాత్రి చేతికి డబ్బు రాని కోత కూలీ అంతకంటే ఎక్కువ కుమిలిపోతుంది. మీకు వచ్చే పంట వరకు ఆగే దారి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆమెకు శనివారం పొయ్యి వెలిగించే దారే కావాలి. లెక్క ఎదురుగా కూర్చుని చెప్పండి. తూకం ఆమె కళ్ళ ముందు వేయండి. వారికీ బట్టలు ఉతుక్కునే ఒక పూట, బిడ్డ తల దువ్వే ఒక గంట, సంతకు పోయి వచ్చే ఒక రోజు కావాలని మరవకండి. కోత మరొక రోజు ఆగితే కాయ చెడదని మీకే తెలుసు.

రెండవ ధర్మం ఇంటి పనులు. వీటిని చిల్లర పనులని చిన్నచూపు చూడకండి. గ్యాసు బండ, నాన్నకు నెలకు సరిపడా రక్తపోటు మాత్రలు, అమ్మ కంటి పరీక్ష, బ్యాంకులో పాస్‌బుక్కు, కారుతున్న కుళాయి, పశ్చిమ ప్రకాశం పల్లెల్లోనైతే ఫ్లోరైడు లేని తాగునీటి క్యాను. సంసారం నిలిచేది వీటి మీదనే. కొత్త చింతపండు వచ్చే నెలలివి. శనగలు, కందులు చేలు దాటి ఇళ్ళకు చేరిన నెలలివి. ఏడాదికి సరిపడా కారం పట్టించే నెలలివి. తొడిమలు తీసి, కాయకు మరో ఎండ చూపి, గోనెలో పోసుకుని మిల్లుకు మీరే వెళ్ళండి. ఇంకొకరిని పంపి కూర్చోకండి. మేలు కాయంతా యార్డుకు, తాలు కాయ ఇంటికి అని లెక్కవేయకండి. ఊరి నోటికి మంచి రుచి పంపి సొంత బిడ్డలకు రంగు వెలిసిన కాయ పెట్టే సేద్యంలో గౌరవమెక్కడ? పట్టించిన కారంలో ఒక డబ్బా, చేను లేని పక్కింటికి ఇవ్వండి. కాయ పండించిన ఊళ్ళో కారం కొనుక్కునే ఇల్లు ఉండడం ఆ ఊరికి తలవంపు.

ఇంటి పనిలోని మహిమ తెలియాలంటే మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుడి కథ చాలు. నన్నయ విడిచిన ఆ పర్వశేషాన్ని తెలుగు చేసినవాడు ఎఱ్ఱన. ఈ సీమలోనే అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో వెలిగిన కవి. కౌశికుడు వేదం చదివినవాడు, తపస్సు చేసినవాడు. తన మీద రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో కాల్చివేసినవాడు. ఒక ఇంటి ముందు భిక్షకు నిలబడితే, ఆ ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు వడ్డించి ఆలస్యంగా బయటికి వచ్చింది. ఆయన కళ్ళెర్రజేస్తే తాను కొంగను కానని శాంతంగా చెప్పింది. ధర్మం తెలియాలంటే మిథిలకు వెళ్ళి ఒక వ్యాధుణ్ణి అడగమన్నది. కౌశికుడు వెళ్ళి చూస్తే, ఆ ధర్మవేత్త మాంసం దుకాణంలో కూర్చుని ఉన్నాడు. ఆ వ్యాధుడు అతిథిని ఇంటికి తీసుకువెళ్ళాడు. ముసలి తల్లిదండ్రులకు మొక్కి, వారిద్దరే తన దైవమని చూపించాడు. చివరకు చెప్పిన మాట సూటిగా తగిలింది. వేదం కోసం కన్నవారిని ఏడిపించి వచ్చావు, ముందు ఇంటికి పోయి వారిని సేవించుకో అన్నాడు.

ఈ కథలో గమనించవలసినవి రెండున్నాయి. ధర్మాన్ని చూపడానికి వ్యాధుడు తన అంగడి మీద ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు, అతిథిని తన ఇంట్లోకి తీసుకువెళ్ళాడు. మనిషి అసలు స్వరూపం అంగడిలో కంటే ఇంట్లోనే తేటగా కనబడుతుంది. రెండవది, సేవ అనేది ఆడవారి వంతు మాత్రమేనని ఆ కథ చెప్పలేదు. అక్కడ సేవ చేస్తున్నవాడు మగవాడు, ఆ పాఠం నేర్చుకున్నవాడూ మగవాడే. మన ఇళ్ళలో ఈ సంగతి మరుగున పడింది.

మూడవ ధర్మానికి ఇక్కడే వస్తున్నాను. ఇదే అన్నింటికంటే బరువైనది. సెలవు రోజున వంటింటికి సెలవుందా?

ఆదివారం అంటే మనకు మాంసం కూర, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం బజ్జీలు. ఆ మాంసం కడిగినవారు, మసాలా నూరినవారు, కునుకు వేళ అంట్లు తోమినవారు, బజ్జీలకు పిండి కలిపినవారు ఎవరు? ఇంట్లో నలుగురు విశ్రమించిన రోజున ఒకరి పని రెట్టింపయింది. 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వేలో తేలిన లెక్క ఇది: ఇంటి పని చేసే ఆడవారు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. అదే పనిలో చేయి వేసే మగవారు వెచ్చించింది 97 నిమిషాలు. ఒకరికి ఐదు గంటలు, మరొకరికి గంటన్నర. పల్లెల్లో ఆ ఐదు గంటలు చేను పనికి తోడు. పొద్దున కల్లంలో కాయ ఏరి, మధ్యాహ్నం వంటచేసి, సాయంత్రం గేదెకు మేత వేసే ఇల్లాలికి వారం ఏడు రోజులే, అందులో ఏదీ ఆదివారం కాదు.

ఈ దేశంలో వారపు సెలవు ఊరకే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్ 10న ఆదివారం సెలవు దక్కింది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశ్రమల్లో వారానికో రోజు విశ్రాంతి ఇవ్వాలని ఒడంబడిక చేస్తే, 1923లోనే మన దేశం దానికి కట్టుబడింది. 1942లో దుకాణాలకు వారపు సెలవుల చట్టం వచ్చింది, 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. ఆ చట్టాలన్నీ జిన్నింగు మిల్లు గేటు దాకా వచ్చాయి, దుకాణం మెట్టు దాకా వచ్చాయి. మన ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. చట్టం రాలేని చోటికి ధర్మం రావాలి. అందుకే గృహస్థులారా, మిమ్మల్ని అర్థిస్తున్నాను. ఆదివారం ఒక పూట పొయ్యి మీరు వెలిగించండి. అన్నం వార్చడం రాకపోతే నేర్చుకోండి, పురుగుమందు పాళ్ళు నేర్చినవారికి ఉప్పు పాళ్ళు తెలియకుండా పోవు. కొడుకులను కూతుళ్ళతో సమానంగా పిలిచి అంట్లు పంచండి. ఇల్లాలు కూర్చుని ఉంటే, ఎందుకు కూర్చున్నావని అడగకండి. ఆమె కూర్చోవడానికి కారణం చెప్పవలసిన అవసరం లేదు. ఇంట్లో పనికి వచ్చే మనిషి ఉంటే ఆమెకూ వారానికో రోజు సెలవివ్వండి, ఆ రోజు జీతం కోయకండి.

నాలుగవది లెక్క. శనివారం సాయంత్రం ఇంటివారంతా ఉన్నప్పుడు అప్పు పుస్తకం తీయండి. ఎంత తెచ్చాం, ఎవరి దగ్గర తెచ్చాం, వడ్డీ ఎంత, కౌలు ఎంత, ఎరువుల కొట్లో బాకీ ఎంత అన్నది భార్యకు, ఎదిగిన పిల్లలకు తెలియాలి. అప్పు దాచడం ప్రేమ అనుకునే మగవారు ఈ సీమలో ఎందరో ఉన్నారు. 1987లో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు, మందు మీద మందు కొట్టినా పురుగు చావక అప్పు మాత్రం పెరిగినప్పుడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చేనుకు తెచ్చిన మందే కొందరి ఊపిరి తీసింది. ఆ దుఃఖం తరువాత కూడా పలుసార్లు మన ఊళ్ళ తలుపు తట్టింది. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చినప్పుడూ ఎందరివో గుండెలు చెరువయ్యాయి. అప్పును ఒక్కడే మోయవద్దు. బాకీ చెబితే పరువు పోతుందన్నది భ్రమ. చెప్పకుండా మనిషి పోతే మిగిలేది పరువు కాదు, అదే బాకీ, దాన్ని మోసే ఒంటరి ఇల్లాలు. లెక్క విన్న భార్య కోప్పడవచ్చు, ఏడవవచ్చు. విన్న తరువాత పక్కన కూర్చుంటుంది. ఆ పక్కన కూర్చునే మనిషి ఉన్నవాడికి రాత్రి నిద్ర పడుతుంది.

ఇవి తీరిన తరువాతనే విశ్రాంతి. దాన్నీ నేర్చుకోవాలి. పొద్దుటి ఎండ వాడిగా మారకముందే ఆదివారం పనులు ముగించి, మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండండి. ఒళ్ళు నొప్పులకు వేడినీళ్ళు పోసుకోండి. మందు కొట్టిన చేతులు, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. ముసలివారి పక్కన మంచం వేసుకుని, వారు చెప్పే మాట ముందు విన్నదే అయినా వినండి. చదువుకునే బిడ్డ పుస్తకం తెరిచి చూడండి, మార్కులు అడగడానికి కాదు, ఏమి చదువుతున్నాడో తెలుసుకోవడానికి. తీరిక సోమరితనానికి దారి తీస్తుందని భయపడేవారికి ఒక సంగతి చెప్పాలి. 1918లో వేటపాలెంలో కొందరు యువకులు తమ తీరికను కూడబెట్టి సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని నెలకొల్పారు. నూరేళ్ళు దాటినా ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు పాత పత్రికల కోసం ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. తీరిక దొరికినవాడి చేతిలో పేకముక్కలూ ఉండవచ్చు, పుస్తకమూ ఉండవచ్చు. ఆదివారం మద్యం దుకాణం ముందు నిలబడే కాళ్ళకు, ఊరి గ్రంథాలయం మెట్లు ఎక్కే బలం కూడా ఉంటుంది.

కల్లంలో కాయ ఉండగా విశ్రాంతి ఎలాగని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మబ్బు పట్టితే పట్టాలు కప్పాలి, రాత్రి కావలి ఉండాలి, పశువుకు ఆదివారమని ఆకలి ఆగదు. ఈ పనులు ఆపమని ఎవరూ చెప్పలేరు. పంచుకొమ్మని చెప్పగలం. అన్నదమ్ములు ఒక రాత్రి ఒకరు, మరో రాత్రి ఒకరు కావలి ఉండవచ్చు. పక్క కల్లం రైతుతో వంతు కట్టుకోవచ్చు. కౌలు రైతుకు, కూలీకి రెండు రోజుల సెలవు అనేదే ఎండమావి అని కూడా అంటారు. ఆ మాట నిజం. నిజం కనుకనే ఈ బోధ ముందుగా చేతిలో కాస్త అధికారం ఉన్నవారికి చెందుతుంది: భూమి ఇచ్చేవారికి, కూలి ఇచ్చేవారికి, అప్పు ఇచ్చేవారికి, ఇంట్లో మాట చెల్లేవారికి. విశ్రాంతి పైనుంచి కిందికి పారితేనే అందరికీ అందుతుంది.

భూమికి మనం ఏం చేస్తామో మనిషికీ అదే చేద్దాం. పంట తీసిన నల్లరేగడిని ఊరికే పిండుతూ పోతే అది మొండికేస్తుందని మన పెద్దలకు తెలుసు. అందుకే వేసవి దుక్కి దున్ని ఎండకు వదులుతారు, గొర్రెల మంద కట్టిస్తారు, తొలకరికి జీలుగో జనుమో చల్లి కలియదున్నుతారు. గులాబీరంగు పురుగు మరుసటి పంటకు చేరకుండా పత్తి కట్టె పీకించి చేను శుభ్రం చేస్తారు. మట్టి మీద చూపే ఈ దయలో సగమైనా వంటింట్లో నిలబడిన మనిషి మీద, గుడారంలో పడుకున్న మనిషి మీద, మన సొంత ఒంటి మీద చూపామా?

కనుక శుక్రవారం పొద్దు గుంకేలోగా కూలి ఇవ్వండి. శనివారం ఇంటి పనులు మీ కాళ్ళతో నడిచి చేయండి. సాయంత్రం లెక్క దాచకుండా చెప్పండి. ఆదివారం ఒక పూట వంట చేయండి, ఒక పూట ఊరక కూర్చోండి, ఇంట్లో మరొకరిని ఊరక కూర్చోనివ్వండి. ఇవి చేసి సోమవారం టిక్కీలు లారీకెత్తినప్పుడు, ధర మీ చేతిలో లేకపోయినా నడత మీ చేతిలోనే ఉంటుంది.

రెండు రోజులు బాగా గడిచాయా లేదా అని మీ మనసును అడగకండి. అది మీకు అనుకూలంగానే చెబుతుంది. ఆదివారం రాత్రి మీ ఇల్లాలిని అడగండి, కోతకు వచ్చిన మనిషిని అడగండి. వారికి ఎంత విశ్రాంతి దక్కిందో, మీ విశ్రాంతిలో అంతే నిజముంది.